పోష్ ప్యాకేజీ: ఫైలుకు ఐదు స్టార్లు, పనికి మూడు

ముత్తుకూరు వైపు ఒక రొయ్యల ప్లాంటులో క్వాలిటీ సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే అంతర్గత కమిటీలో కూడా ఉన్నాను. మా యాజమాన్యం నెల్లూరులో ఒక కన్సల్టెన్సీ దగ్గర 'పోష్ కంప్లయన్స్ ప్యాకేజీ' తీసుకుంది; పోష్ అంటే పనిచేసే చోట లైంగిక వేధింపులను అడ్డుకునే చట్టం, దాని ప్రకారం చేయాల్సినవన్నీ వాళ్లు చేసిపెడతారు. ఎలా ఉందని మిగతా ప్లాంట్ల వాళ్లు అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా.

ఆ కన్సల్టెన్సీ వాళ్లు అమ్మే తీరు చూడాలి. 2013 నాటి ఈ చట్టం ప్రకారం పదిమంది, ఆపైన పనిచేసే చోట కమిటీ ఉండాలి, లేకపోతే ₹50,000 వరకు జరిమానా. 'మా ఫీజు అంతకంటే తక్కువే కద సార్' అన్నారు. అంతే, బేరం కుదిరిపోయింది. ఆడవాళ్ల గురించి ఒక్క మాట రాలేదు ఆ మీటింగులో.

కాగితాల పనికి మాత్రం వంక పెట్టలేం. పాలసీ, కమిటీ ఆర్డరు, గేటు దగ్గర తెలుగు బోర్డు, ఏడాది చివర జిల్లా అధికారికి పంపే రిపోర్టు, అన్నీ టైముకి ఇచ్చారు. కమిటీలో ఉండాల్సిన బయటి సభ్యురాలిని కూడా వాళ్లే చూపించారు. ఆవిడ ఉండేది చెన్నైలో. ఫోన్ ఎత్తుతారు, అది చాలనుకోవాలి.

మొదటి ట్రైనింగ్ దండగ. క్యాంటీన్‌లో ప్రొజెక్టర్ పెట్టి, పీలింగ్ (రొయ్యల పొట్టు తీసే చోటు) నుంచి గంబూట్లతో అలాగే వచ్చిన ఆడవాళ్లకు ఇంగ్లీషు స్లైడ్లు చూపించారు. తెలుగులో ఉన్నది ఒక్కటే, అదీ ఎర్ర అక్షరాల్లో: 'తప్పుడు ఫిర్యాదు చేస్తే చర్య తప్పదు'. రుజువు చూపలేకపోయినంత మాత్రాన అది తప్పుడు ఫిర్యాదు కాదని అదే సెక్షన్‌లో ఉంది. ఆ ముక్క స్లైడ్‌లో లేదు. ఇక ఎవరు నోరు తెరుస్తారు? కాపాడాల్సిన చట్టాన్ని బెదిరించడానికి వాడినట్టయింది.

మేం గట్టిగా అడిగితే రెండోసారి వేరే ట్రైనర్‌ని పంపారు. మూడు స్టార్లూ ఆవిడవే. ప్రొజెక్టర్ పక్కన పెట్టి, బెంచీ మీద వాళ్ల మధ్యనే కూర్చుని, 'పొద్దున వ్యాన్‌లో ఎట్లా వస్తున్నారు?' అని మొదలుపెట్టారు. ఇందుకూరుపేట వైపు నుంచి వచ్చే ఒక పెద్దామె, 'వ్యాన్ కాంట్రాక్టరుది గదమ్మా, కంపెనీది కాదే' అంది. పనికి తీసుకొచ్చే వ్యాన్ కూడా పనిచేసే చోటే, కాంట్రాక్టు మనిషైనా ఈ చట్టం కిందకే వస్తుంది, మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వొచ్చు అని ట్రైనర్ నిదానంగా చెప్పారు. ఆ వారంలోనే వ్యాన్‌లో ముందు సీటు గొడవ మా దగ్గరికి వచ్చింది. అంతకుముందు మా రిజిస్టరు తెల్లగానే ఉండేది, అదేదో గొప్ప అన్నట్టు అందరం చెప్పుకునేవాళ్లం.

రాజస్థాన్‌లో బాల్య వివాహాన్ని ఆపబోయి అత్యాచారానికి గురైన భన్వరీ దేవి సంగతి, ఆ ఘటన తర్వాత పనిచేసే చోట వేధింపులపై సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన 'విశాఖ' తీర్పు కూడా చెప్పారు. సారా వ్యతిరేక ఉద్యమం నడిపిన మన దూబగుంట రోశమ్మ గారిని కూడా కలిపి ఉంటే ఇంకా బాగుండేది. ఆడవాళ్లు రోడ్డెక్కితేనే 1995లో మద్య నిషేధం వచ్చింది, ఆ వేడి తగ్గాక 1997లో సడలించారు కూడా.

ఇక ప్యాకేజీలో లేనిది. పీలింగ్‌లో అందరూ ఆడవాళ్లే, మెషీన్ల దగ్గర మగవాళ్లు. గ్రేడింగ్ టేబుల్ మీద ఇద్దరిదీ దాదాపు ఒకే పని, కానీ మగవాళ్లు 'ఆపరేటర్లు', ఆడవాళ్లు 'హెల్పర్లు', కూలీలోనూ తేడా. ఒకే రకమైన పనికి ఒకే వేతనమని 1976 చట్టం చెప్పింది, 2019 వేతనాల కోడ్ కూడా అదే అంది. అడిగితే 'అది మా స్కోప్‌లో రాదు మేడం' అన్నారు.

ప్రసూతి సెలవు గురించీ అంతే. ఈఎస్ఐ (కార్మికుల బీమా) ఉన్నవాళ్లకు ఆ డబ్బు ఈఎస్ఐ ఇస్తుంది. జీతం ఆ పరిమితి దాటిన ల్యాబ్ పిల్లలకు 26 వారాల జీతం కంపెనీయే భరించాలి. 2017లో చట్టం మంచికే పెంచింది, కాదనను. కానీ ఇప్పుడు మా ఇంటర్వ్యూల్లో 'పెళ్లెప్పుడమ్మా?' అనే ప్రశ్న ముందొస్తోంది. మగపిల్లలను ఎవరూ అడగరు. ఖర్చంతా ఒక్క యజమాని నెత్తిన పెడితే వాడు ముందే తప్పించుకునే దారి చూస్తాడు, ప్రభుత్వం కొంత మోసి ఉండాల్సింది.

కేవలం ఫైలు కావాలంటే తీసుకోండి, డబ్బుకు తగ్గ పనే. మనుషుల కోసమైతే ట్రైనర్ ఎవరో ముందే అడగండి, స్లైడ్లు తెప్పించుకుని చదవండి. రెన్యువల్‌కి మా హెచ్‌ఆర్ సార్ ఒప్పుకున్నారు. ఆ రెండో ట్రైనరే రావాలని మెయిల్‌లో రాయించాను, వాళ్లింకా జవాబివ్వలేదు.