వాట్సాప్ చాలా, వెబ్‌సైట్ కావాలా, యాప్ చేయించాలా? గోదావరి జిల్లాల చిన్న వ్యాపారాలకి ఏది మేలు

కడియపులంకలో నర్సరీ ఉన్నవాళ్లు, ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టి అమ్మే కుటుంబాలు, దిండిలో రెండు మూడు గదులు అద్దెకిచ్చేవాళ్లు, నరసాపురంలో లేసు అల్లించేవాళ్లు ఇప్పుడు ఒకటే అడుగుతున్నారు: "మేం కూడా ఆన్‌లైన్‌లో ఉండాలండీ, ఏం చేయించుకుంటే మంచిది?" జవాబు మాత్రం ఎవర్ని అడిగారన్న దాన్ని బట్టి మారిపోతోంది. యాప్‌లు చేసేవాళ్లు యాప్ కావాలంటారు. ఇంట్లో కాలేజీ పిల్లలుంటే ఇన్‌స్టాగ్రామ్ చాలంటారు. పక్క కొట్టాయన వ్యాపారమంతా వాట్సాప్‌లోనే నడుస్తోంది, ఇంకేదీ అక్కర్లేదంటాడు.

నేను అమలాపురం చుట్టుపక్కల చిన్న వ్యాపారాలకి వెబ్‌సైట్లు చేసిపెడుతుంటాను. నా బతుకుతెరువు అదే అయినా చెబుతున్నాను, చాలామంది మొదటి ఖర్చు వెబ్‌సైట్ మీద పెట్టనక్కర్లేదు. యాప్ మీద అసలే వద్దు. ఏది మేలో తేల్చుకోవడానికి నేను చూసేది ఒక్కటే. ఒకసారి కొన్నవాళ్లు మళ్లీ మీ దగ్గరికి రావాలంటే ఆ దారి ఎవరి చేతిలో ఉంది? మీ చేతిలోనా, ఇంకో కంపెనీ చేతిలోనా?

పైసా ఖర్చు లేని రెండు

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో మొదలుపెడదాం. గూగుల్ మై బిజినెస్ అన్నా అదే, 2021లో పేరు మార్చారు. రావులపాలెం దగ్గర హైవే దిగిన కారులోవాళ్లు ఫోన్ తీసి "పూతరేకులు" అని వెతికితే మ్యాప్‌లో మీ కొట్టు, ఫోన్ నంబరు, ఫోటోలు, తెరిచి ఉండే వేళలు కనబడేది దీనివల్లే. ఇందులో అందరూ తేలిగ్గా వదిలేసే విషయం పిన్ను, అంటే మ్యాప్‌లో మీ కొట్టు చోటు చూపించే గుర్తు. మన ఊళ్లలో రోడ్డు పక్కనే పంట కాలువ ఉంటుంది. పిన్ను కాలువ అవతలి గట్టు మీద పడిందంటే మ్యాప్ నమ్ముకొచ్చిన డ్రైవరు కొట్టు ఎదురుగా ఆగి, దాటే దారి లేక, తర్వాతి వంతెన దాకా వెళ్లి తిరిగి రావాలి. సగం మంది రారు. కాబట్టి కొట్టు గుమ్మంలో నిలబడి, ఫోన్‌లో శాటిలైట్ బొమ్మ పెట్టుకుని, మ్యాప్‌ని బాగా పెద్దది చేసి, పిన్నుని సరైన చోటికి జరపండి. లంక గ్రామాల్లో ఉన్నవాళ్లకి ఇంకో సంగతి. పడవ ఎక్కాల్సిన రేవు ఎక్కడో వివరణలో రాయండి, ఫోటో కూడా పెట్టండి. వరద రోజుల్లో మూసేస్తే ఆ మాట ప్రొఫైల్‌లో అదే రోజు మార్చాలి. హైదరాబాద్ నుంచి పిల్లాపాపలతో వచ్చి తాళం చూసినవాళ్లు రాసే రివ్యూ ఏళ్ల తరబడి కనబడుతూనే ఉంటుంది.

దీని లోటు ఏమిటంటే ఆ చోటు గూగుల్‌ది. ప్రొఫైల్‌తో పాటు ఉచితంగా చిన్న వెబ్‌సైట్ కూడా ఇచ్చేవాళ్లు, 2024 మార్చిలో వాటిని ఆపేశారు. ఆ అడ్రసుని స్వీట్ల డబ్బాల మీద అచ్చు వేయించుకున్నవాళ్లకి ఆ డబ్బాలు ఇక పనికిరాలేదు.

రెండోది వాట్సాప్ బిజినెస్. మామూలు వాట్సాప్ కాదు, విడిగా దించుకోవాల్సిన యాప్, 2018లో వచ్చింది. ఇందులో కేటలాగ్ ఉంటుంది, 500 సరుకుల దాకా ఫోటో, ధర పెట్టుకోవచ్చు. రాత్రి పదింటికి అడిగినవాళ్లకి "రేపు ఉదయం చెబుతాం" అని దానంతటదే జవాబు వెళ్తుంది. డబ్బు కట్టినవాళ్లు, పార్సిల్ వెళ్లాల్సినవాళ్లు అని లేబుళ్లు పెట్టి వేరు చేసుకోవచ్చు.

నర్సరీ వ్యాపారానికి దీన్ని మించింది లేదు, ఇందులో నాకే సందేహమూ లేదు. మొక్క ధర దాని పేరు మీద ఉండదు. ఎత్తెంత, కవరు సైజెంత, ఎన్ని కావాలి, లారీ ఏ రాష్ట్రం వెళ్లాలి, వీటన్నిటి మీద ఉంటుంది. బయటి రాష్ట్రం కొనుగోలుదారు "ఇవాళ మొక్క ఎలా ఉందో ఫోటో పంపండి" అంటాడు. మీరు తోటలో నిలబడి, పక్కన మనిషిని పెట్టి ఎత్తు తెలిసేలా వీడియో తీసి పంపుతారు. బేరం అక్కడే తెగుతుంది. పోయిన ఏడాది ఫోటో, ఒకే ధర పెట్టిన వెబ్‌సైట్ ఈ పని చేయలేదు.

కానీ వాట్సాప్‌లో మీరు ఎవరికీ దొరకరు. నంబరు ఉన్నవాళ్లకే మీరు ఉన్నట్టు. ఒకే సందేశం అందరికీ ఒకేసారి పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందే పడతారు, అందులోనూ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే సందేశం చేరుతుంది. సంక్రాంతి ముందు వారంలో "కేజీ ఎంత, కొరియర్ ఎంత, ఎప్పటికి వస్తుంది" అని అదే ప్రశ్న వందమంది అడిగితే, రేకులు చుట్టాల్సిన చేతులు ఫోన్ మీద ఉంటాయి. ఆ టెన్షన్‌లో ఒకరి అడ్రసు ఇంకొకరి పార్సిల్ మీద పడుతుంది.

ఒక జాగ్రత్త చెబుతాను. వ్యాపారం నంబరు కొట్టు యజమాని పేరున తీసుకున్న విడి సిమ్ కావాలి. పనికుర్రాడిదో, రేపు ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోయే అబ్బాయిదో కాకూడదు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ఆరంకెల రహస్య నంబరు పెట్టుకుని ఇంట్లో పుస్తకంలో రాసుకోండి.

ఇన్‌స్టాగ్రామ్, అమెజాన్ లాంటివి

బోర్లించిన వేడి కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ ఒక్కసారి పరిచి లాగితే పల్చటి రేకు లేస్తుంది. నరసాపురం వైపు అమ్మలు అరుగుల మీద కూర్చుని కబుర్లు చెబుతూనే క్రోషే సూదితో లేసు అల్లేస్తారు. ఇలాంటి పనులు చూపించడానికి ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ షార్ట్స్ కంటే మంచి చోటు లేదు. కొత్తవాళ్లని తెచ్చేది అవే. నిలబెట్టేది మాత్రం అవి కావు. 2020 జూన్ చివర్లో టిక్‌టాక్‌ని మన దేశంలో నిషేధించిన రోజున లక్షల మంది ఫాలోవర్లు ఉన్నవాళ్లకి కూడా చేతిలో ఒక్క ఫోన్ నంబరు మిగల్లేదు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ ఒకేసారి సుమారు ఆరు గంటలు ఆగిపోయాయి. అందుకే రీల్ చూసి వచ్చినవాళ్లని ఎంత త్వరగా మీ నంబరుకి, మీ అడ్రసుకి తెచ్చుకుంటే అంత మంచిది.

అమెజాన్ లాంటి చోట అమ్మడం గురించి పెద్దగా చెప్పేది లేదు. కమీషన్ పోతుంది, కొన్నవాళ్ల నంబరు మీకు దక్కదు, విరిగిందని తిప్పి పంపితే నష్టం మీది. విరిగిపోయే పూతరేకులకి నేను వద్దనే అంటాను. లేసు టేబుల్ క్లాత్‌ల లాంటి వాటికి పనికొస్తుంది. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి. రాష్ట్రం దాటి సరుకు అమ్మితే, టర్నోవరు చిన్నదైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ ప్రశ్న వస్తుంది. సొంత వెబ్‌సైట్‌లో అమ్మినా అంతే. చేతిపనుల వస్తువులకి కొన్ని మినహాయింపులున్నాయి, మీ సరుకు అందులోకి వస్తుందో లేదో ఆడిటర్‌ని ముందే అడగండి.

సొంత వెబ్‌సైట్ ఎప్పుడు

మిమ్మల్ని ఎరగనివాళ్లు, మీ ఊరు చూడనివాళ్లు డబ్బు ముందే పంపాల్సి వచ్చినప్పుడు. నా లెక్కలో వెబ్‌సైట్ అసలు పని ఇదే, నమ్మకం. డాలస్‌లో ఉన్న అమ్మాయి పాలకొల్లులో ఉన్న అత్తగారికి పండక్కి స్వీట్లు పంపాలనుకుంటుంది. ఆ అమ్మాయి వాట్సాప్ నంబరు చూసి డబ్బు పంపదు. ఎవరు చేస్తున్నారు, ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత) లైసెన్సు నంబరు ఉందా, నెయ్యి ఏది, ఎన్ని రోజులు నిలవ ఉంటుంది, పగిలితే ఏం చేస్తారు, ఇవన్నీ ఒకచోట చదివాకే పంపుతుంది. లేసు కొనే విదేశీ వ్యాపారి అయినా అంతే. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో, నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ఆ గుర్తింపు వాడుకునే హక్కు విడిగా నమోదైన తయారీదారులకే ఉంటుంది. మీరు నమోదై ఉంటే ఆ సంగతి చెప్పుకోవడానికి, పక్కన నకిలీ సరుకు అమ్మేవాళ్ల నుంచి వేరుగా కనబడడానికి మీ సొంత పేజీ కంటే మంచి చోటు ఇంకెక్కడుంది?

దిండి వైపు గదులు అద్దెకిచ్చేవాళ్లకి కూడా చిన్న సైట్ లాభమే. బుకింగ్ కంపెనీలో చూసినవాళ్లు మీ పేరు విడిగా వెతుకుతారు. సైట్ దొరికితే నేరుగా ఫోన్ చేస్తారు, కమీషన్ మిగులుతుంది.

సైట్ అడ్రసుగా వాడే డాట్ ఇన్ పేరు (డొమైన్) ఏడాదికి మామూలుగా వెయ్యి రూపాయల లోపే. సైట్‌ని నెట్‌లో ఉంచే చోటుకి, అంటే హోస్టింగ్‌కి, ఇంకొన్ని వేలు. నాలుగు పేజీల సైట్‌కి అంతకుమించి ప్రతి ఏడూ ఖర్చు ఉండకూడదు, చేసినవాళ్ల కూలి వేరు. తెలుగు లిపిలోనే డాట్ భారత్ పేరు కూడా తీసుకోవచ్చు. ముచ్చటగా ఉంటుంది కానీ ఫోన్‌లో ఇంగ్లిషు అక్షరాలు టైపు చేసేవాళ్లే ఎక్కువ కాబట్టి అది రెండోదిగా ఉండాలి.

ఇక్కడ నాకు నిజంగా బాధ కలిగించే సంగతి ఒకటుంది. మా వైపు ఒక స్వీట్ల కుటుంబానికి ఎవరో సైట్ చేసిపెట్టారు. డొమైన్ పేరు చేసినతని ఈమెయిల్ మీద కొన్నారు. అతను ఆ పని మానేసి ఎటో వెళ్లిపోయాడు, రెన్యూవల్ కట్టేవాళ్లు లేక పేరు జారిపోయింది. ముప్పై ఏళ్లుగా జనం నోట్లో నానిన కొట్టు పేరు, వాళ్లకే దక్కలేదు. ఎవరితో చేయించుకున్నా సరే, డొమైన్ మీ ఈమెయిల్ మీద, మీ కార్డుతో కొనిపించండి. ఇది పొలం పట్టా మీ పేరున ఉండడం లాంటిది, సాగు ఎవరు చేసినా ఫరవాలేదు.

సైట్‌లో తెలుగు పెట్టేటప్పుడు ఇంకో చిక్కు. కరపత్రం కోసం డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో (అచ్చుపనికి వాడే పాత తరహా తెలుగు అక్షరాల్లో) కొట్టిన మేటరు అలాగే తెచ్చి అతికిస్తే చెత్త అక్షరాలు వస్తాయి. దాంతో ఫ్లెక్సీ బొమ్మనే సైట్‌లో పెట్టేస్తారు. బొమ్మలోని తెలుగుని పట్టుకుని గూగుల్ మిమ్మల్ని చూపిస్తుందని ఆశపడొద్దు. ఏ ఫోన్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయించండి, ఒక పూట పని. ఫోటోలు కూడా ఫోన్‌లో తీసినవి తీసినట్టు ఐదారు ఎంబీలవి ఎక్కించకుండా రెండు మూడు వందల కేబీలకి తగ్గించండి. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండే లంక ఊళ్లో పేజీ తెరుచుకోవాలి కదా.

డబ్బు తీసుకోవడానికి మొదట్లో యూపీఐ క్యూఆర్, పక్కన వాట్సాప్ బటన్ చాలు. ఆర్డర్లు పెరిగాక సైట్‌లోనే డబ్బు కట్టించుకునే పేమెంట్ గేట్‌వే పెట్టుకోండి, సుమారు రెండు శాతం పోతుంది కానీ ఎవరు కట్టారో స్క్రీన్‌షాట్లలో వెతుక్కునే బాధ తప్పుతుంది.

యాప్ ఎవరికి

యాప్ అనగానే గొప్పగా అనిపిస్తుంది. లెక్క చూస్తే వేరుగా ఉంటుంది. గూగుల్ ప్లే స్టోర్ ఖాతాకి ఒకసారి 25 డాలర్లు, ఆపిల్‌కి ప్రతి ఏడూ 99 డాలర్లు. కొత్తగా సొంత పేరున ప్లే స్టోర్ ఖాతా తెరిచినవాళ్లు యాప్‌ని కనీసం 12 మందితో వరసగా 14 రోజులు వాడించి చూపించాలి. తర్వాత కూడా ఆండ్రాయిడ్ మారినప్పుడల్లా యాప్‌ని సరిచేస్తూ ఉండాలి, లేకపోతే కొత్త ఫోన్లవాళ్లకి ప్లే స్టోర్‌లో అది కనబడడం మానేస్తుంది. అసలు కష్టం అది కూడా కాదు. ఏడాదికి రెండుసార్లు పూతరేకులు కొనేవాళ్లు అందుకోసం ఫోన్‌లో ఒక యాప్ ఎందుకు ఉంచుకుంటారు?

యాప్ నిజంగా అక్కరకొచ్చే వ్యాపారం మన డెల్టాలో నాకు ఒకటి కనబడుతోంది. భీమవరం, ఉండి వైపు రొయ్యల చెరువులకి మేత అప్పు మీద ఇచ్చే డీలర్లది. అక్కడ రైతు రోజూ చూసుకోవాల్సినవి ఉంటాయి. ఏ చెరువుకి ఎన్ని బస్తాలు వెళ్లాయి, చెక్ ట్రేలో (రొయ్యలు ఎంత తిన్నాయో చూడడానికి చెరువులో దించే పళ్లెంలో) మేత ఎంత మిగిలింది, ఖాతాలో బాకీ ఎంత. చెరువు గట్టు మీద సిగ్నల్ ఉండకపోవచ్చు కాబట్టి నెట్ లేకపోయినా రాసుకుని, వచ్చాక దానంతటదే చేర్చుకునేది కావాలి. అక్కడ యాప్ ప్రచారం కోసం కాదు, పట్టుబడి నాడు, అంటే రొయ్యలు పట్టే రోజున, లెక్కల దగ్గర తగువు రాకుండా ఉండడం కోసం. పాలు, మంచినీళ్ల టిన్నులు రోజూ వేసేవాళ్లకి కూడా కొంత వరకు పనికొస్తుంది. వీళ్లు సైతం మొదట వెబ్‌సైట్‌నే హోమ్ స్క్రీన్ మీద ఐకాన్‌లా పెట్టుకునేలా చేయించి, ఒక సీజను వాడి చూడాలి. ప్లే స్టోర్ జోలికి పోకుండా సగం అవసరం అక్కడే తీరిపోతుంది.

కాబట్టి నన్నడిగితే నర్సరీకి గూగుల్ ప్రొఫైల్, వాట్సాప్ బిజినెస్ చాలు, మిగతా డబ్బు మొక్కల మీద పెట్టండి. స్వీట్లకి, లేసుకి, గదులకి ఆ రెండిటి మీద చిన్న సొంత వెబ్‌సైట్. సంక్రాంతికి సైట్ కావాలంటే దసరాకే మొదలుపెట్టండి, ఫోటోలు, ధరలు, కొరియర్ మాటలు కుదరడానికే నెల పోతుంది. మేత డీలర్లయితే యాప్ గురించి ఆలోచించవచ్చు.

ఇప్పటికే యాప్‌కి డబ్బు కట్టేసినవాళ్లు నిరుత్సాహపడనక్కర్లేదు. ఆ యాప్ ప్లే స్టోర్‌లో ఎవరి డెవలపర్ ఖాతాలో ఉందో ఈ వారంలోనే కనుక్కోండి. చేసినవాళ్ల ఖాతాలో ఉంటే మీ పేరున ఒక ఖాతా తెరిచి, యాప్‌ని దానికి బదిలీ చేయమని అడగండి, ప్లే స్టోర్‌లో ఆ వీలుంది. కోడ్, కస్టమర్ల జాబితా కూడా ఒక కాపీ తీసుకోండి. చివరి వాయిదా డబ్బు ఇంకా ఇవ్వకపోతే, ఇవి చేతికొచ్చాకే ఇవ్వండి.