గార్టర్ విసరాలా, దాచుకోవాలా?

అమెరికా పెళ్లిళ్లలో వరుడు అందరి ముందూ వధువు కాలికున్న లేసు గార్టర్ (గౌను కింద తొడకు వేసుకునే సాగే పట్టీ) తీసి పెళ్లికాని కుర్రాళ్ల వైపు విసురుతాడు, పట్టుకున్నవాడికే తర్వాత పెళ్లని నమ్మకం. దీని మూలం అంత ముచ్చటైనదేం కాదు. పాతకాలం ఇంగ్లండ్, ఫ్రాన్స్‌లలో అదృష్టం కోసం అతిథులే మీదపడి వధువు గార్టర్ లాక్కునేవాళ్లు, ఆ గోల తప్పించుకోవడానికే విసరడం మొదలైందంటారు.

రెండో దారి, గౌను కింద ఎవరికీ కనబడకుండా నీలం గార్టర్ వేసుకోవడం. ఇంగ్లిష్ ఆనవాయితీ ప్రకారం పెళ్లికూతురి ఒంటి మీద పాతది, కొత్తది, అరువుది, నీలంది ఒక్కోటి ఉండాలి, ఆ నీలం లెక్క దీనితో తీరిపోతుంది. అమ్మ పెళ్లినాటిదైతే పాతదీ అదే!

నా ఓటు దీనికే. తాతయ్యలు చూస్తుండగా కుర్చీలో కూర్చోబెట్టి గౌను పైకెత్తితే ఏ అమ్మాయికైనా ఇబ్బందే. రెండూ కావాలంటే జతగా అమ్ముతారు: సాదాది విసరడానికి, మంచిది దాచుకోవడానికి.