కోర్ ప్రోటీనా, ఈ2నా: టీరెగ్ కణాలను పెంచేది ఏది?

దీర్ఘకాలిక హెపటైటిస్ సి ఉన్నవాళ్ల రక్తంలో, కాలేయంలో టీరెగ్ (నియంత్రక టీ) కణాలు పెరుగుతాయి. వైరస్‌తో పోరాడే కణాలకు బ్రేకులు వేసేవి ఇవే.

కోర్, ఈ2 రెండూ ఈ వైరస్ ప్రోటీన్లే. నా అనుమానం ఎక్కువగా కోర్ మీదే. కణం బయటికొచ్చిన కోర్, టీ కణాల (ఒక రకం రోగనిరోధక కణాల) మీది జీసీ1క్యూఆర్ అనే గ్రాహకానికి అతుక్కుని వాటి విభజనను తగ్గిస్తుంది. ల్యాబ్‌లో సీడీ4 కణాల (సహాయక టీ కణాల) లోపలే కోర్‌ను తయారు చేయిస్తే ఫాక్స్‌పీ3 అనే ప్రోటీన్ పెరిగింది. టీరెగ్‌కు గుర్తింపు కార్డు లాంటిది అది. అలాగని అదొక్కటే చాలదు, ఉత్తేజితమైన మామూలు టీ కణాల్లోనూ ఫాక్స్‌పీ3 కాసేపు కనిపిస్తుంది.

ఈ2 ఉండేది వైరస్ పైపొరలో. అది మన కణాల మీది సీడీ81 అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుందని 1998లోనే తేలింది. ఆ పట్టు ల్యాబ్‌లో ఎన్‌కే కణాలను (వైరస్ సోకిన కణాలను చంపే రోగనిరోధక కణాలను) అణచింది, టీ కణాలను మాత్రం ఎగదోసింది. అందుకే ఈ కేసులో ఈ2 నాకు రెండో అనుమానితుడే.