వేసవిలో ట్యాంకరు నీళ్లు: తిరుపతిలో మా అనుభవం

తిరుపతిలో మేముండే వీధిలో బోరు ఎండిపోవడంతో, వేసవిలో రెండు నెలలపాటు ఒక ప్రైవేటు ట్యాంకరు సేవపై ఆధారపడవలసి వచ్చింది. ఫోను చేసిన మూడు గంటల్లోపే వచ్చి, గొట్టాన్ని నేలపై ఈడ్వకుండా నేరుగా సంపులోకి దించేవారు. ఆ శుభ్రతను మెచ్చుకోవలసిందే. అయితే నీరు ఎక్కడిదని అడిగిన ప్రతిసారీ ఒక్కో జవాబు చెప్పారు. ఒకసారి తెచ్చిన ఉప్పునీటిలో కందిపప్పు ఎంతసేపటికీ ఉడకలేదు.

కొళాయి నీటి విలువ అప్పుడే నాకు బోధపడింది. దగ్గరలోని కల్యాణి జలాశయం వానలను నమ్ముకొన్నది. కండలేరు జలాశయం నుంచి మనకందే కృష్ణా జలమైతే శ్రీశైలం జలాశయంలో బయలుదేరి, పోతిరెడ్డిపాడు కాలువ గేట్లు, సోమశిల జలాశయం దాటి రావాలి. శ్రీశైలం పూర్తి మట్టం సముద్రమట్టం నుంచి 885 అడుగులు. విద్యుత్తు కోసం టర్బైన్ల గుండా వదిలిన నీరు దిగువన నాగార్జునసాగరు వైపు సాగిపోతుంది, పోతిరెడ్డిపాడు కాలువకు నీరెక్కాలంటే మాత్రం జలాశయంలో మట్టం ఎత్తుగా నిలవాలి. అందువల్ల వానలు వెనకబడిన ఏట కరెంటు కన్నా తాగునీటికే ముందు చోటివ్వాలని నా గట్టి అభిప్రాయం.

ఈ ట్యాంకరు సేవను అత్యవసరానికి, అదీ వాడుక నీటికి మాత్రమే సిఫారసు చేస్తాను. సంపులోకి వదిలించే ముందు టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మోతాదు) కొలిచి చూసుకోండి.