అండమాన్‌లో "సీక్రెట్ ప్రైవేట్ కోవ్" అని ఎవరైనా అమ్మితే కొనకండి, మా 18,000 అలాగే పోయాయి

అండమాన్ ప్యాకేజీ చూస్తున్నవాళ్ళు అడ్వాన్స్ కొట్టేముందు ఇది ఒకసారి చదవండి. కొంచెం పెద్ద పోస్టే, ఓపిక పట్టండి.

పోయిన డిసెంబర్‌లో వైజాగ్ నుంచి వెళ్ళాం, నేను, మా ఆవిడ, పదకొండేళ్ళ మావాడు, మా అత్తగారు. ఏజెంట్ పేరు ఇక్కడ రాయను, రాస్తే రేపు ఇంకో పేరు పెట్టుకుని వస్తాడు, అందుకని వాడు అమ్మిన పద్ధతి చెప్తా, అది గుర్తుంటే చాలు. మిగతా ప్యాకేజీలో పెద్దగా వంక పెట్టడానికి లేదు. హోటల్ పర్లేదు, ఫెర్రీలు టైముకే ఉన్నాయి, సెల్యులార్ జైల్ బాగా చూపించారు. దెబ్బంతా ఒక్క లైన్లో పడింది. హ్యావ్‌లాక్‌లో రెండో రోజు కింద "సీక్రెట్ ప్రైవేట్ కోవ్, బోట్, స్నోర్కెలింగ్, లంచ్, మనిషికి 4,500 ఎక్స్‌ట్రా" అని ఉంది. కోవ్ అంటే ఒడ్డులోకి చొచ్చుకొచ్చిన చిన్న సముద్రపు వంపు, స్నోర్కెలింగ్ అంటే మాస్కు, గొట్టం పెట్టుకుని నీళ్ళ మీద తేలుతూ లోపల చేపల్ని చూడటం. (హ్యావ్‌లాక్‌నే 2018 నుంచి స్వరాజ్ ద్వీప్ అంటున్నారు, టికెట్ల మీద అలాగే ఉంటుంది, వేరే చోటికి బుక్ చేశారేమో అని కంగారు పడకండి, మా అత్తగారు పడ్డారు.)

దాంతోపాటు వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు. చుట్టూ అడవి, ఒక పక్క నల్లటి రాళ్ళు, మధ్యలో సముద్రం లోపలికి వచ్చి నిలబడిపోయినట్టు కదలకుండా పచ్చటి నీళ్ళు, ఒక్క మనిషి లేడు. మా ఆవిడ ఆ ఫోటో చూసి ఇంక మాట్లాడనివ్వలేదు. నేను అడిగాను, ఈ చోటు పేరేంటండీ అని. "పేరు చెప్తే అందరూ వెళ్ళిపోతారు కదా సార్, అదే మా స్పెషాలిటీ" అన్నాడు. అక్కడే నాకు బల్బు వెలగాలి. వెలగలేదు. నలుగురికి 18,000 ఫోన్‌పే చేశా, అదీ కంపెనీ అకౌంట్‌కి కాదు, ఎవరిదో పర్సనల్ నంబర్‌కి, "జీఎస్‌టీ మిగుల్తుంది సార్" అన్నాడు కాబట్టి. కక్కుర్తి నాది కూడా ఉంది, ఒప్పుకుంటున్నా.

ఆ రోజు పొద్దున్నే నేను టీ తాగుదామని జెట్టీ వైపు వెళ్ళా, ఎలిఫెంట్ బీచ్‌కి బోట్లు వరసగా బయల్దేరుతున్నాయి, సముద్రం చెరువులా ఉంది. తొమ్మిదింటికి జీపు వేసుకుని గైడ్ వచ్చాడు. బోటేది బాబూ అంటే "సీ రఫ్‌గా ఉంది సార్, బోట్లన్నీ ఆపేశారు, రోడ్ మీంచి తీసుకెళ్తా" అన్నాడు. నేను ఇప్పుడే చూసొచ్చాను కదయ్యా అంటే నవ్వి జీపు స్టార్ట్ చేశాడు. జెట్టీ నుంచి ఓ పన్నెండు కిలోమీటర్లు, వక్కతోటలు, కొబ్బరితోటలు, తర్వాత పెద్దపెద్ద చెట్ల అడవి, దారి బాగానే ఉంది. తీరా జీపు ఆగింది ఎక్కడ అనుకుంటున్నారు? రాధానగర్ బీచ్ పార్కింగ్‌లో. ముందురోజు సాయంత్రం ప్యాకేజీలోనే సన్‌సెట్‌కి తీసుకొచ్చిన అదే పార్కింగ్, అదే కొబ్బరిబోండాల బండి. బోండాల ఆయన మమ్మల్ని గుర్తుపట్టి మళ్ళీ వచ్చారా అన్నట్టు తలూపాడు కూడా.

అక్కడి నుంచి ఇసకలో నడక. పావుగంట పైనే. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, బోట్‌లో కూర్చోబెట్టి తీసుకెళ్తారు అని చెప్పి తీసుకొచ్చా ఆవిడని. బీచ్ చివరికంటా వెళ్తే అక్కడ ఉంది ఫోటోలో చోటు. దాని పేరు నీల్స్ కోవ్, ప్రైవేటూ కాదు సీక్రెటూ కాదు, రాధానగర్ వచ్చిన ఎవరైనా నడుచుకుంటూ వెళ్ళి చూసొచ్చే చోటు.

చోటు మాత్రం నిజంగా బాగుంది, అబద్ధం చెప్పకూడదు. సముద్రపు మహువా చెట్లట, అంతెత్తున నిటారుగా పెరిగి ఇసక దాకా వచ్చేశాయి, వాటి నీడ నీళ్ళల్లో పడి ఆ రంగు ఆకుపచ్చో నీలమో చెప్పలేం. అవతల మెయిన్ బీచ్‌లో అల హోరు వినపడుతూనే ఉంది, ఇక్కడ నీళ్ళకి మాత్రం చలనం లేదు. మా ఆవిడ ఒక ఐదు నిమిషాలు కోపం మర్చిపోయింది.

గైడ్ ఒక చెట్టు పక్కన బ్యాగ్ పెట్టి మాస్కులు తీశాడు. నలుగురికి రెండు. ఒకదాని స్ట్రాప్ తెగిపోతే కరెంటు వైరుతో ముడేసి ఉంది. రెండోదాని ట్యూబ్ నోట్లో పెట్టుకునే చోట ఎవరివో పంటిగాట్లు. లైఫ్‌జాకెట్లు లేవు. నేను ఆ వైరు ముడి చూస్తూ ఉన్నా, మావాడు అన్నాడు "నాన్నా, ఇక్కడ మొసలి బొమ్మ ఉంది" అని. చూస్తే గైడ్ బ్యాగ్ పెట్టింది సరిగ్గా ఒక హెచ్చరిక బోర్డ్ కింద. నీళ్ళల్లోకి దిగొద్దు, మొసళ్ళున్నాయి అని. గైడ్ ఏమాత్రం తడుముకోకుండా "అది పాత బోర్డ్ మేడమ్" అన్నాడు మా అత్తగారితో. ఆవిడ "బోర్డ్ పాతదని మొసలికి తెలుసా నాయనా?" అంది. ఇంక ఎవరం దిగలేదు. లంచ్ అన్నది చల్లారిపోయిన ఫ్రైడ్ రైస్ ప్యాకెట్లు, తినేలోపు ఇసక ఈగలు కాళ్ళు కొరికి పెట్టాయి, మావాడికి వారం దాకా దురద తగ్గలేదు.

ఆ జీపు ఎక్కబుద్ధి కాక తిరిగి వెళ్ళేటప్పుడు మేమే ఆటో మాట్లాడుకున్నాం. మేం తిట్టుకోవడం విని డ్రైవర్ తెలుగులో మాట్లాడాడు. అండమాన్‌లో మనవాళ్ళు చాలామందే ఉన్నారు, వీళ్ళ తాతలది శ్రీకాకుళం వైపట. "ఏటి బావూ, ఉట్టినే ఎల్లే చోటుకి మనిసికి నాలుగున్నరేలు ఇచ్చీసినారేటి" అన్నాడు. నీళ్ళల్లో దిగారా అని అడిగి, దిగలేదంటే "మంచిపని సేసినారు" అని, 2010 ఏప్రిల్‌లో ఒక అమెరికన్ అమ్మాయి ఆ కోవ్ దగ్గరే స్నోర్కెలింగ్ చేస్తుంటే మొసలి లాక్కెళ్ళిన సంగతి చెప్పాడు. నేను హోటల్‌కి వచ్చి వెతికితే నిజమే, అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. చేతిలో ఫోన్ ఉండి కూడా ఈ ఒక్క వెతుకుడు ముందు చేయలేదు నేను.

ఏజెంట్‌కి ఫోన్ చేస్తే మొదట వాతావరణం అన్నాడు, తర్వాత "బ్లూ ఫ్లాగ్ బీచ్ సార్, అందుకే ఆ రేటు" అన్నాడు. ఈ మాట మీకూ చెప్తారు కాబట్టి తెలుసుకోండి, బ్లూ ఫ్లాగ్ అంటే నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి, లైఫ్‌గార్డులు టాయిలెట్లు ఉన్నాయి లాంటివి చూసి ఇచ్చే గుర్తింపు. 2020లో మొదటి విడతలో మన దేశంలో 8 బీచ్‌లకి ఇచ్చారు, అందులో రాధానగర్ ఉంది, మన రుషికొండా ఉంది. రుషికొండకి మనిషికి 4,500 కట్టి వెళ్తున్నామా?

కాబట్టి ఎవరైనా బోట్, కోవ్, ప్రైవేట్ అంటే ముందు చోటు పేరు వాట్సాప్‌లో రాసి పంపమనండి, నోటిమాట వద్దు. పేరు చెప్పనంటే అక్కడితో వదిలేయండి. పేరు వచ్చాక మ్యాప్‌లో చూస్తే రోడ్ ఎక్కడిదాకా ఉందో మీకే తెలిసిపోతుంది. రాధానగర్‌కి, ఈ కోవ్‌కి ఆటోలోనో అద్దె స్కూటీ మీదో వెళ్ళిపోవచ్చు, గైడ్ అక్కర్లేదు. ఒకటే, మన టైమ్ లెక్కలో వెళ్ళకండి, అక్కడ డిసెంబర్‌లో సాయంత్రం ఐదుకే సూర్యుడు దిగిపోతాడు, ఐదున్నరకి అడవి దారి చీకటి. స్నోర్కెలింగ్ కావాలంటే ఎలిఫెంట్ బీచ్‌కి జెట్టీ నుంచి బోట్‌లో వెళ్ళండి, లేదా అడవిలోంచి నడక దారి ఉంది, వానపడితే మాత్రం అంతా బురద. మేం మర్నాడు సొంతంగా వెళ్ళాం, లైఫ్‌జాకెట్ వేసి, గాలి ట్యూబ్ పట్టుకోమని అక్కడి గైడే లాక్కెళ్ళాడు, మావాడు చేపల గురించి ఇప్పటికీ చెప్తాడు. అక్కడ ఏనుగులు ఈదుతాయి అని ఎవరైనా అంటే అదీ నమ్మకండి, ఒకప్పుడు కలప లాగడానికి తెచ్చిన ఏనుగుల ముచ్చట అది, ఈదే ఏనుగుగా పేరుపడ్డ రాజన్ కూడా 2016లో చనిపోయింది.

డబ్బుల సంగతి. వైరు ముడి ఉన్న మాస్క్, బోర్డ్, పార్కింగ్, అన్నిటికీ ఫోటోలు తీసి పెట్టా. ఇంటికొచ్చి కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇచ్చా. కేసు వేయాల్సి వస్తే మనం ఉండే ఊళ్ళోనే వేయొచ్చు, 2019 చట్టంలో ఆ వీలు ఉంది, పోర్ట్ బ్లెయిర్ దాకా తిరగక్కర్లేదు. ఆ ముక్క ఏజెంట్‌కి మెసేజ్ పెట్టిన రెండో రోజు 6,000 వెనక్కి వేశాడు, మిగతాది "నెక్స్ట్ ట్రిప్‌లో అడ్జస్ట్ చేస్తా సార్" అంట. పర్సనల్ నంబర్‌కి వేసిన డబ్బు కదా, బిల్లు లేదు, ఆ ట్రిప్‌కి నేను కట్టాననడానికి చాట్ ఒక్కటే ఆధారం. అదీ డిలీట్ చేయకపోవడం నా అదృష్టం. 12,000 ఇంకా రావాలి.

పోయిన వారం వాడి వాట్సాప్ స్టేటస్‌లో మళ్ళీ అదే ఫోటో పెట్టాడు, రేటు ఇప్పుడు 5,500. ఈసారి జూమ్ చేసి చూశా. ఎడమ మూల చెట్టు పక్కన ఆ బోర్డ్ కర్ర కనపడుతూనే ఉంది, బోర్డ్ వరకు కట్ చేశాడు.