బ్యాడ్జి ప్రెస్సు: మెషీన్ మంచిదే, వారంటీతోనే చిక్కు

58 మిల్లీమీటర్ల గుండ్రటి పిన్ బ్యాడ్జీలు చేసే చేతి ప్రెస్సు గురించి రాస్తున్నాను. బెంగళూరు రామమూర్తి నగర్‌లో మా ఇంటి ముందు గదిలోనే డీటీపీ పని చేసుకుంటాను. విజిటింగ్ కార్డులకు గిరాకీ పడిపోయాక బ్యాడ్జీలు, ఫ్రిజ్ మాగ్నెట్లు మొదలుపెట్టాను. ఈ ఊళ్ళో వీటికి కొదవ లేదు. అపార్టుమెంట్ల వినాయకుడి కమిటీలు, స్కూళ్ళ యాన్యువల్ డేలు, మన తెలుగు సంఘాల ఉగాది, అన్నిటినీ మించి నవంబర్ 1న కన్నడ రాజ్యోత్సవం, అంటే కర్ణాటక అవతరణ దినం. ఆ వారం పసుపు, ఎరుపు బ్యాడ్జి పెట్టుకోని ఆఫీసు కనపడడం కష్టం.

మెషీన్ పనితనానికి వంక పెట్టలేను. కింద రెండు గుంటలున్న పళ్ళెం, పైన పొడుగాటి హ్యాండిల్. ఒక గుంటలో రేకు మూత, దాని మీద 70 మిల్లీమీటర్లకు కోసిన ప్రింటు, ఆపైన పలచటి ప్లాస్టిక్ ఫిల్మ్ పెట్టి నొక్కితే మూడూ పై మౌల్డులోకి ఎక్కుతాయి. పళ్ళెం జరిపి, రెండో గుంటలో పిన్నున్న వెనక రేకు పెట్టి మళ్ళీ నొక్కితే అంచులు లోపలికి మడుచుకుని బ్యాడ్జి తయారు. కాగితం మందం మాత్రం కుదరాలి. జెరాక్సు కాగితమైతే అంచు వదులుగా ఉంటుంది, అట్టలాంటిదైతే హ్యాండిల్ పూర్తిగా దిగదు. నాకు 130 జీఎస్ఎం ఆర్ట్ పేపర్ సరిపోయింది. చెయ్యి అలవాటైతే పక్కన సీరియల్ పెట్టుకుని కూడా లాగించెయ్యొచ్చు.

ఇక చిక్కు సంగతి. హ్యాండిల్‌ను పై రాడ్డుకు కలిపే చోట ఒక పిన్ను ఉంటుంది, చిటికెన వేలంత కూడా ఉండదు. అక్టోబర్ చివర్లో, సరిగ్గా రాజ్యోత్సవం ఆర్డర్లు మీద పడ్డప్పుడు, హ్యాండిల్ ఉన్నట్టుండి తేలికైపోయి కిందికి జారింది. పిన్ను రెండు ముక్కలు. విరిగిన ముఖం మీద ఒక పక్క నున్నగా మెరుస్తోంది, మిగతాదంతా బూడిద రంగులో గరుకుగా ఉంది. ఆ నునుపు ఎందుకో తర్వాత, కొత్త పిన్ను చేసిచ్చిన లేత్ షాపు ఆయన చెప్పాడు: అక్కడ ఎప్పుడో సన్నగా చీలిక మొదలైందట, నొక్కినప్పుడల్లా ఆ రెండు ముఖాలూ ఒకదానికొకటి రాసుకుని నునుపెక్కాయట. గరుకుగా ఉన్న భాగం ఆఖర్న ఒక్కసారిగా తెగింది. అంటే ఆ రోజు నేను గట్టిగా నొక్కినందుకు విరిగింది కాదు.

పెట్టె మీద ఏడాది వారంటీ అని పెద్దక్షరాలతో ఉంది. అమ్మినవాళ్ళు ఉత్తరాదిలో ఎక్కడో ఉంటారు, మాటామంతీ అంతా వాట్సాప్‌లోనే. ఫొటో అడిగారు, పంపాను. వీడియో అడిగారు, పంపాను. అప్పుడు తీరిగ్గా చెప్పారు, మౌల్డు, పిన్ను, స్ప్రింగు అరుగుదల సామాన్లట, వారంటీలోకి రావట. "మరి ఏది వస్తుంది భయ్యా?" అని అడిగితే "బాడీ, మేడమ్" అన్నాడు. పోత ఇనుప బాడీ! అది విరగాలంటే మేడ మీంచి పడెయ్యాలి. పోనీ డబ్బులిస్తాను, ఒక్క పిన్ను పంపించు బాబూ అంటే విడి భాగాలు స్టాకు లేవు, మెషీన్ మొత్తం పంపితే చూస్తాం, రానూపోనూ కొరియర్ ఖర్చు మీదే అన్నాడు. ఆ బరువుకి కొరియర్ ఛార్జీ కనుక్కున్నాక నోట మాట రాలేదు. ఆఖరి అస్త్రంగా, కమర్షియల్ వాడకమైతే అసలు వారంటీయే చెల్లదన్నాడు. వాళ్ళ ప్రకటనలో మాత్రం "ఇంట్లో కూర్చుని సంపాదించుకోండి" అని ఉంటుంది.

ఈ కమర్షియల్ మాట వినగానే చాలామంది ఫోన్ పెట్టేస్తారు. పెట్టెయ్యకండి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపారం కోసం కొన్నవాళ్ళను వినియోగదారులుగా లెక్కలోకి తీసుకోదన్నది నిజమే. కానీ సొంతంగా పని చేసుకుని బతకడానికి మాత్రమే కొన్న వస్తువును వ్యాపారం కింద చూడకూడదని కూడా అదే చట్టంలో ఉంది. నాది అచ్చంగా ఆ కేసే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. జీఎస్టీ బిల్లు, పెట్టె ఫొటో, వాట్సాప్ మాటల స్క్రీన్‌షాట్లు అన్నీ దాచి ఉంచడం అక్కడ పనికొచ్చింది. దాని పుణ్యమా అని స్టాకు లేని పిన్ను ఎక్కణ్ణుంచో ఊడిపడింది, పండగ అయిపోయాక. అదీ పాతదాని బాపతే.

మధ్యలో మా బావ సంగతి చెప్పాలి. టెక్సస్‌లో ఉంటాడు, షూటింగ్ రేంజికి వెళ్ళే సరదా ఉంది. కాల్చేసిన తూటాల ఇత్తడి గొట్టాల్లో మళ్ళీ ప్రైమరూ (మందుకు నిప్పు రాజేసే చిన్న బిళ్ళ) మందూ గుండూ కూర్చుకునే ప్రెస్సు ఒకటి వాళ్ళ గ్యారేజీలో ఉంది. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తూటా దగ్గర పెట్టుకోవడమే నేరం కాబట్టి ఆ మెషీన్ మనకు అక్కర్లేదు, దాని వారంటీ మాత్రం వినదగ్గది. వీడియో కాల్‌లో నా ప్రెస్సు చూసి "ఇదీ మాదాని బాపతే కదా మరదలా, హ్యాండిల్ లాగడం, డై అంటే మౌల్డు మార్చడం" అన్నాడు. డిల్లన్ అనే కంపెనీ సరదాకి వాడుకునే మోడళ్ళకు జీవితకాలం హామీ ఇస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నా చెల్లుతుంది. లీ అనే ఇంకో కంపెనీది రెండేళ్ళే. ఆ తర్వాత, ఇంకా తయారీలో ఉన్న మోడలైతే, ఎంత పాడైనా సరే సగం ధర కట్టి పంపితే కొత్తదానిలా చేసిస్తారు. నాకైతే లీ వాళ్ళ మాటే నచ్చింది. ఏది ఉచితమో, దేనికి ఎంతో ముందే చెప్పేశారు, బేరం లేదు.

బావ ఇంకో ముచ్చట చెప్పాడు. కాల్చిన గొట్టంలోంచి పాత ప్రైమర్‌ను పొడిచి తీసే సన్నటి పిన్ను ఒకటి ఉంటుందట. కొన్ని గొట్టాలకు అడుగున నడిమధ్య ఒక్క రంధ్రం ఉంటుంది, బెర్డాన్ రకానికి పక్కలకు రెండు చిన్నవి ఉంటాయి. చూసుకోకుండా ఆ రెండో రకం పెడితే పిన్ను వంగుతుంది, లేదా విరుగుతుంది. అది విరిగేదేనని తెలుసు కాబట్టి కొన్ని కంపెనీలు ఆ పిన్నులు ప్యాకెట్లుగా అమ్ముతాయి. లీ వాళ్ళయితే ఆ పిన్నున్న రాడ్డును బిగింపులో పట్టించి వదిలారు, తోపు ఎక్కువైతే విరక్కుండా పైకి జారుతుంది. నా మెషీన్ చేసినవాళ్ళకు ఈ ఆలోచన రాలేదు.

ఆర్డర్లు ఆగవు కాబట్టి విరిగిన ముక్కలు రెండూ కాగితంలో చుట్టుకుని సిటీ మార్కెట్ దిగి, ఎస్.జె.పి. రోడ్డు పక్క సందులో ఒక లేత్ షాపుకెళ్ళాను. పెద్దాయనది కోలారు వైపు, తెలుగే. నేను వెళ్తూనే "పెద్దయ్యా, ఈసారి విరగని గట్టి ఉక్కుతో చెయ్యండి" అన్నాను. ఆయన ముక్కల్ని వెలుగులోకి తిప్పి చూసి, "గట్టిదే చేస్తా సరే. పిన్ను నిలుస్తాది, రేపు దాన్ని పట్టుకున్న చెవి పగులుతాది. ఏది పోతే నీకు చౌకమ్మా?" అన్నాడు.

అదీ మాట. పిన్ను పోతే వందల్లో తేలుతుంది, పోత ఇనుప చెవి పగిలితే మెషీనే పోయినట్టు. ఈ.ఎన్. 8 అనే రకం ఉక్కు రాడ్డు తీసుకుని, టెంపరు పెట్టకుండా, అంటే కాల్చి గట్టిపరచకుండా, పాతదానికంటే వెంట్రుకవాసి బిగువుగా తిప్పాడు. తల దగ్గర పాత పిన్నుకు చురుకైన మూల ఉండేది, అక్కడ కొంచెం వంపు ఇచ్చాడు. చీలిక పుట్టేది ఆ మూలలోనేనట. రెండు చేయించుకున్నాను, ఒకటి డ్రాయర్లో ఉంది. రెండింటికీ మూడు వందలు. అప్పుడప్పుడూ ఆ కీలులో ఒక చుక్క కుట్టు మిషన్ ఆయిల్ వెయ్యమన్నాడు, అమ్మినవాళ్ళిచ్చిన కాగితంలో ఆ ముక్కే లేదు. రాజ్యోత్సవం సరుకు టైముకే వెళ్ళింది.

మౌల్డు సంగతి అలా తేలేది కాదు. నా పై మౌల్డులో స్ప్రింగు మెత్తబడి బ్యాడ్జి ఇరుక్కోవడం మొదలైంది. స్ప్రింగు ఆ దగ్గర్లోనే ఉన్న ఎస్పీ రోడ్డులో దొరికింది. అల్యూమినియం రింగు అంచుకు పడ్డ గీతల్ని పెద్దాయనే సన్న ఎమరీతో తీశాడు. రింగే అరిగిపోతే మాత్రం కొత్త మౌల్డు కొనాల్సిందే, దాని ధర మెషీన్ ధరలో దాదాపు సగం చెబుతున్నారు. వేరే కంపెనీ 58 మౌల్డు తెచ్చి చూశాను, మరలు కలవలేదు.

కాబట్టి ఈ ప్రెస్సు కొనేవాళ్ళు వారంటీ ఎన్నేళ్ళు అని అడగడం దండగ. పిన్ను, స్ప్రింగు, మౌల్డు విడిగా అమ్ముతారా, ఎంతకి, అని అడిగి జవాబు రాతలో తెప్పించుకోండి. నసిగితే వదిలెయ్యండి, ఇంకొకరు ఉంటారు. దిగుమతి సరుకైతే పెట్టె మీద దిగుమతి చేసుకున్నవాళ్ళ పేరు, చిరునామా ఉండి తీరాలి. లేకపోతే రేపు ఫిర్యాదు ఎవరి మీద పెడతారు? నన్నడిగితే మెషీన్‌కు అయిదుకి నాలుగు, అమ్మినవాళ్ళకు ఒకటి, ఆ ఒకటీ 1915 భయానికి పిన్ను పంపినందుకు.

లేత్ షాపు ఆదివారం తియ్యరు. విరిగిన ముక్క చేతికివ్వాలి, ఫోన్లో ఫొటో చూపిస్తే పెద్దాయన తల కూడా ఎత్తడు.