బీఆర్ హిల్స్: ఎకో స్టేలో మోసం, సోలిగ పోడులో భోజనం

కర్ణాటకలోని బీఆర్ హిల్స్ (బిళిగిరి రంగన కొండలు) వెళ్ళాలనుకునేవాళ్ళకి ముందే చెప్పేస్తున్నాను. "ఎకో స్టే" అన్న పేరు చూసి అడ్వాన్సు కట్టకండి. మేము రాత్రికి 4,800 చొప్పున ఆన్‌లైన్‌లో కట్టేశాం. అడవి మధ్యలో కాటేజీ, సోలిగ ఆదివాసీల భోజనం, గైడ్‌తో నడక అన్నీ అందులోనే అని రాశారు. మా వారికి కన్నడం వచ్చు, అత్తయ్యకి రంగనాథస్వామి దర్శనం కావాలి, మావాడికి ఏనుగులు కావాలి. అందరికీ సరిపోతుందని బయల్దేరాం.

బెంగళూరు నుంచి కనకపుర, మళవళ్ళి, కొళ్ళేగాల, యళందూరు మీదుగా ట్యాక్సీలో రానూపోనూ 9,500 అయింది. దారి బాగుంది.

కాటేజీ అన్నది రేకుల గది. సాయంత్రం ఐదింటికే కుళాయి ఆగిపోయింది. అడిగితే మేనేజరు ఫోన్లోంచి తలెత్తకుండా "బకెట్ పంపిస్తాం" అన్నాడు. ఆ బకెట్ రాత్రి తొమ్మిదింటికి వచ్చింది. అత్తయ్యకి డెబ్బై రెండేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. నీళ్ళు లేని బాత్‌రూమ్‌తో ఆవిడ పడ్డ ఇబ్బంది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. సోలిగ భోజనం ఏదంటే ఫ్రైడ్ రైస్, గోబీ మంచూరియా పెట్టి, మనిషికి 350 విడిగా వేశారు. గైడ్ రాలేదు, దాని బదులు జీపు తీసుకోమన్నారు, 2,500. ఆ జీపు మేము పొద్దున వచ్చిన తారు రోడ్డు మీదే తిప్పి తీసుకొచ్చింది. మా వారు మాట్లాడటం మానేశారు. రాత్రి పదకొండు దాకా పక్క కాటేజీవాళ్ళు స్పీకరు పెట్టుకున్నారు, పులుల అభయారణ్యం పక్కన! ఎవరూ ఆపలేదు.

వీటన్నిటికంటే నన్ను బాధపెట్టింది కంచె. కాటేజీల చుట్టూ మనిషెత్తున లంటానా పొద. మన ఊళ్ళలో తలంబ్రాల చెట్టు అంటామే, అదే. పసుపూ గులాబీ కలిసిన గుత్తులు చూడముచ్చటగా ఉంటాయి. 1800ల మొదట్లో అమెరికా ఖండం నుంచి అందం కోసం కలకత్తా బొటానికల్ గార్డెన్‌కి తెచ్చిన మొక్క అది. ఇప్పుడు దేశంలో పులులు తిరిగే అడవుల్లో 40 శాతం పైగా దాని బెడద ఉందని 2020లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఆ కంచె ముందే "ప్రకృతిని కాపాడుదాం" అని బోర్డు పెట్టారు.

మర్నాడు గుడికి వెళ్ళాం. తెల్లటి కొండ కొమ్మున ఉంటుంది, గాలి బాగా వేస్తుంది. శ్రీరంగంలోలా పవళించి కాదు, ఇక్కడ రంగనాథుడు నిలబడి ఉంటాడు. దర్శనం పావుగంటలో అయింది.

గుడి కింద రోడ్డు పక్కన ఒకాయన ఫ్లాస్కులో కాఫీ అమ్ముతున్నాడు, కప్పు 20. తన తోటలో పండిన గింజలేనట. సోలిగ మనిషి, యాభై దాటి ఉంటాయి. అత్తయ్య కూర్చోవడానికి తన స్టూలు ఇచ్చేసి, రంగనాథుడు మాకు బావ అవుతాడమ్మా, మా పిల్ల కుసుమాలెని చేసుకున్నాడు అన్నాడు. మా వారు తెలుగులో చెప్పేసరికి అత్తయ్య మొహం విప్పారింది. ఆవిడది నంద్యాల. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని చేసుకుని చెంచుల ఇంటి అల్లుడైన కథంతా ఆయనకి చెప్పింది. ముందురోజు నుంచీ ముడుచుకుపోయి ఉన్న మనిషి అప్పుడు మామూలైంది.

నీ పోడు చూపిస్తావా అని మా వారు ఆయన్ని అడిగారు. పోడంటే వాళ్ళ గూడెం. అది రోడ్డుకి దగ్గరే. 600 ఇవ్వండి, భోజనం మనిషికి 150 అన్నాడు. అసలు యాత్ర అక్కడ మొదలైంది.

ఆయన కాఫీ తోట అంచుకి తీసుకెళ్ళి లంటానా పొద చూపించాడు. పైన కొమ్మలు నరికితే లాభం లేదు, వాన పడగానే మోడు నుంచి నాలుగు చిగుళ్ళు లేస్తాయి అన్నాడు. చిన్న పారతో మొదలు చుట్టూ మట్టి తీశాడు. మూడు అంగుళాల లోతున, వేరు మొదలయ్యే చోట కణుపు లాంటి ముడి కనిపించింది. ఒక్క దెబ్బ అక్కడే వేశాడు. మొక్క మొత్తం చేతిలోకి వచ్చాక దాన్ని తలకిందులుగా, వేళ్ళు పైకి ఉండేలా పెట్టాడు, నేల తగిలితే మళ్ళీ వేళ్ళూనుతుందని. మావాడు పార అడిగి ఒకటి పీకాడు. ఇలా పీకాక కూడా రెండు మూడేళ్ళు ప్రతి వానాకాలం వచ్చి చూడాలట. పిట్టలు పండ్లు తిని, వాలిన ప్రతి చెట్టు కిందా గింజలు రాలుస్తాయి.

తన చిన్నప్పుడు ఇది ఇంత లేదని చెప్పాడు. చలికాలం చివర, గడ్డి పూర్తిగా ఎండకముందే పెద్దవాళ్ళు నేల మీది ఆకులకి చిన్న నిప్పు పెట్టేవాళ్ళు. మంట మోకాలి ఎత్తు దాటేది కాదు. గడ్డి కొత్తగా మొలిచేది, లంటానా పిల్ల మొక్కలు మాడిపోయేవి, ఉసిరి చెట్లకి పట్టి రసం పీల్చే బదనిక మొక్క తగ్గేది. 1974లో అభయారణ్యం అయ్యాక ఆ నిప్పు ఆగింది, లోపలి పోడుల్లో చాలామందిని బయటికి తెచ్చేశారు. ఇక్కడి అడవిలో పరిశోధకులు 1997లో, మళ్ళీ 2008లో లెక్క తీస్తే లంటానా దాదాపు రెట్టింపు చోట్ల కనిపించింది. ఇప్పుడు అది ఎండి నిలబడి ఉంటుంది కాబట్టి నిప్పు పడితే మంట చెట్ల తలలకి ఎక్కుతుంది. జింక, అడవిదున్న, ఏనుగు ఏవీ దాన్ని తినవు. దాని కింద గడ్డి మొలవదు, అందుకే అవి పొలాల మీదికి వస్తున్నాయి అన్నది ఆయన మాట. నాకది పూర్తిగా నమ్మదగ్గదే అనిపించింది.

వానల సంగతి అడిగితే ఆయన గొంతు మారింది. కాఫీ పూయాలంటే మార్చి, ఏప్రిల్‌లలో సరైన సమయానికి ఒక జల్లు పడాలి. అది ఒక ఏడాది పడదు, ఒక ఏడాది పండ్లు కోసి ఎండబెట్టినప్పుడు పడుతుంది. 2023లో కర్ణాటకలో 236 తాలూకాల్లో 223 కరువు కిందికి వచ్చాయి. ఆ కరువులో తేనె కూడా సరిగా దొరకలేదట. దొరికిన ఏడాది కూడా తేనెపట్టు మొత్తం కోయరు, ఈగలకి కొంత వదులుతారు.

భోజనం రాగిముద్ద, ఆకుకూరల సారు, వలిసెల (ఒక రకం నూనెగింజలు) పచ్చడి. అరకు వైపు వలిసెలు చూశాను గానీ పచ్చడి తినడం ఇదే మొదలు. నూనెగా, కొంచెం చేదుగా, ఎండుమిర్చి ఘాటుతో అద్భుతంగా ఉంది. ఇంటావిడ అత్తయ్యకి ముద్ద మెత్తగా విడిగా చేసిపెట్టింది. మావాడు రెండోసారి అడిగి వేయించుకున్నాడు. అరకిలో తేనె 350కి, పావుకిలో కాఫీ పొడి 200కి కొన్నాం.

2011లో ఈ సోలిగలకి అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కులు వచ్చాయి. పులుల అభయారణ్యం లోపల అలా రావడం దేశంలో మొదటిసారి. తేనె, ఉసిరికాయ, చెట్ల మీది పాచి (రాతిపువ్వు) తీసుకోవడంతో పాటు అడవిని కాపాడే హక్కు కూడా అందులో ఉంది. హక్కు కాగితం ఇచ్చి, ఆ పని చేయడానికి కూలి ఇవ్వకపోతే ఎలా? లంటానా పీకించడానికి డబ్బు పెట్టేవాళ్ళు ముందు వీళ్ళని పిలవాలి, ఆ చలికాలపు నిప్పు గురించి కూడా వీళ్ళనే అడగాలి. పీకిన కట్టెకీ విలువ ఉంది. దగ్గర్లోని మలె మహదేశ్వర బెట్టలో దాన్ని ఉడికించి, తొక్క తీసి, వంచి కుర్చీలు చేస్తారు, చెదపట్టదు. నీలగిరి వైపు ఆదివాసీలు దానితోనే నిలువెత్తు ఏనుగులు చేస్తే 2021లో లండన్ పార్కుల్లో పెట్టారు.

వెళ్ళేవాళ్ళు యళందూరులోనో కొళ్ళేగాలలోనో మామూలు లాడ్జిలో దిగండి. మాకు తిరుగు ప్రయాణంలో 1,400కి వేడినీళ్ళతో శుభ్రమైన గది దొరికింది. పొద్దున్నే కొండెక్కి, చీకటి పడకముందే అడవి గేటు దాటి బయటికి వచ్చేయండి. శని, ఆదివారాలు వద్దు. చిల్లర నోట్లు పెట్టుకోండి, సిగ్నల్ ఉండదు కాబట్టి ఫోన్‌పే మీద ఆశ పెట్టుకోవద్దు. సోలిగ మనిషిని గైడ్‌గా అడిగితే బేరం ఆడకండి. మేము ఆయనకి 1,000 ఇచ్చాం, అదీ తక్కువే. ఆ కాటేజీవాళ్ళు డిపాజిట్ కింద తీసుకున్న 1,000 మాత్రం ఇంతవరకు తిరిగివ్వలేదు, ఫోన్ ఎత్తడం లేదు.